గోపికి ఒక గుమ్మం

కృష్ణమూర్తి లాంటి బావ పగవాడికైనా ఉండకూడదని వీర్రాజు ఇప్పటికీ అంటాడు. అక్కని చేసుకున్నవాడు, వయసులో పెద్దవాడు, ఎదురుపడి అనలేడు. రొయ్యల చెరువు గట్టు మీద కూర్చుని, నీళ్ళు చిలికే ఏరేటర్ల మోటార్లు విప్పేటప్పుడు, బోల్టు మొండికేసిందంటే చాలు, బావ పేరు తలుచుకుని పళ్ళు కొరికి ఒక్క తిప్పు తిప్పుతాడు. బోల్టు ఊడొస్తుంది. కృష్ణమూర్తి వల్ల జరిగిన ఉపకారం ఏదైనా ఉందంటే అదొక్కటే.

ఇంతకీ ఆయనగారు చేసింది, ఒక మాట అనడం. అంతే. యానాంలో పెట్రోలు చవకని కృష్ణమూర్తి వారానికోసారి ఏటవతల లంక నుంచి వంతెన దాటి వస్తాడు. బండి ట్యాంకు నింపించుకుని, బావమరిది డబ్బుల్తో టీ తాగి వెళతాడు. అలా వచ్చిన ఒకరోజు, టీ గ్లాసు ఊదుకుంటూ అన్నాడు.

"ఒరేయ్ వీర్రాజూ, గోపీగాడి గురించి ఇంత మథన పడతావేంట్రా? తెచ్చి నీ ఇంట్లో పెట్టుకో. అక్కడి షీటు ఇక్కడ చెల్లదు. రాష్ట్రం వేరు, సర్కారు వేరు. వంతెన దాటితే లీటరు పెట్రోలుకే రేటు మారిపోతుంటే, ఆఫ్టరాల్ ఓ కాగితం, అదెంత?"

"నిజమేనా బావా?"

"నేను చెప్తున్నాగా!"

వీర్రాజు ఆరో తరగతిలో బడి మానేసి స్పానరు పట్టినవాడు. కానీ యానాంలో బతికేవాడికి ఆ మాట నమ్మడానికి చదువక్కర్లేదు. చుట్టూ ఆంధ్రా, మధ్యలో యానాం. మాట అదే, చేపల పులుసు అదే, చుట్టాలు వాళ్ళే. కానీ గీత దాటగానే బండి నంబరు మారుతుంది, మందు రేటు మారుతుంది, పింఛను మారుతుంది, పోలీసోడి నెత్తి మీద ఎర్రటోపీ వస్తుంది. ఇన్ని మారినప్పుడు షీటొక్కటీ వెంటపడి వస్తుందని ఎవరనుకుంటారు?

షీటంటే, శిక్ష అయిపోయాక కూడా మనిషి మీద స్టేషన్లో తెరిచి ఉంచేది. ప్రతి ఆదివారం వెళ్ళి కనపడాలి. సంతకం పెట్టాలి. ఊరు మారితే ముందు చెప్పి మారాలి. వీర్రాజు తమ్ముడు గోపి మీద అలాంటిదొకటి అవతలి స్టేషన్లో ఉంది.

ఏం చేశాడని? గోపి లంకలో ఒక రొయ్యల షెడ్డుకి సూపర్‌వైజరు. షెడ్డులో రొయ్యలు వలిచే ఆడమనిషిని ఐసు గదిలోకి పని మీద పిలిచి, తలుపు వేసి, వద్దు వద్దంటున్నా వినకుండా మీద చెయ్యేశాడు. ఆవిడ అరిచింది. బయట వలుస్తున్న ఆడవాళ్ళు తలుపు బద్దలుకొట్టినంత పని చేశారు. ఆవిడ కేసు పెట్టింది. ఎవరెంత చెప్పినా రాజీకి రాలేదు. కోర్టులో నిలబడి జరిగింది జరిగినట్టు చెప్పింది. గోపి జైలుకెళ్ళాడు. పెళ్ళాం పుట్టింటికి పోయి విడాకుల కాగితాలు పంపింది. గోపి వాటా పొలం ప్లీడర్ల కింద కరిగిపోయింది.

తప్పు చేశాడా అంటే చేశాడు. వీర్రాజు ఏనాడూ కాదనలేదు. తమ్ముడా అంటే తమ్ముడే. అమ్మ పోయాక తను వీపున కట్టుకు తిప్పినవాడు. ఈ రెండు నిజాలూ ఒకే చాప మీద ఎలా పడుకుంటాయో వీర్రాజుకి తెలియదు. పడుకోవడం లేదని మాత్రం తెలుసు.

*

మిట్టమధ్యాహ్నం, జనం అన్నాల దగ్గర ఉండే వేళ చూసుకుని, వీర్రాజు తమ్ముణ్ణి బండి వెనక ఎక్కించుకున్నాడు. నెత్తికి హెల్మెట్టు పెట్టాడు. వంతెన మధ్యకొచ్చాక గోపి వెనక నుంచి అన్నాడు.

"అన్నయ్యా, నేను నా కోసం రావట్లేదు."

"మరెవరి కోసంరా?"

"ఆదివారం నేను సంతకానికెళ్ళే దారే ఆవిడ చర్చికెళ్ళే దారి. మొదటివారం ఎదురుపడ్డాను. ఆ పై వారం నుంచి ఆవిడ చెరుకుతోట వెనక నుంచి బురదలో నడిచి వెళ్తోంది. చెప్పులు చేత్తో పట్టుకుని. తప్పు చేసింది నేను, దారి మార్చుకుంది ఆవిడ."

వీర్రాజు, గోదారి మీద గాలికి కళ్ళమ్మట నీళ్ళొస్తున్నాయని అద్దంలోంచి మొహం తిప్పుకున్నాడు.

వీర్రాజు ఉండేది ఫరంపేటలో, జోసెఫిన్ గారింటి వెనక వాటాలో. పెద్దావిడ, భర్త పోయాడు, పిల్లలు దూరాన ఉద్యోగాల్లో ఉన్నారు. మేడ మీద గదిలో ఆసుపత్రిలో పనిచేసే నర్సమ్మాయి ఒక్కతీ అద్దెకుంటోంది. గోపి రాక ముందురోజే వీర్రాజు భార్య పద్మావతి ఖరాఖండిగా చెప్పింది.

"మీ తమ్ముడు, నా మరిది. అన్నం పెట్టనని అననండి. కానీ మన ఇంట్లో ఎదిగిన కూతురు తేజూ ఉంది, మేడ మీద పరాయి పిల్ల ఉంది. ముందు జోసెఫిన్ గారికి చెప్పండి."

"చెప్తాలేవే."

"చెప్తాలే కాదు, చెప్పండి."

చెప్పలేదు. గుమ్మంలోనే పెద్దావిడ ఎదురై, "ఎవరు వీర్రాజూ?" అనేసరికి వీర్రాజు నోటమ్మట, "మా తమ్ముడండి, మస్కట్లో ఉండేవాడు, వచ్చేశాడండి," అని వచ్చేసింది. ఆ చుట్టుపక్కల మనిషి కొన్నేళ్ళు కనపడకపోతే గల్ఫనుకోవడం మామూలే.

"అలాగా! ఏం బాబూ, అంత దూరం నుంచి వస్తూ పెద్దదానికి ఓ ఖర్జూరం పొట్లమైనా తేలేదా?"

గోపి చెప్పుల వంక చూసుకున్నాడు. వీర్రాజు "పెట్టెలో ఉన్నాయండి, సాయంత్రం ఇస్తాడు," అని ఆ పూటే బజారుకి పరిగెత్తాడు. పొట్లం మీద కొట్టువాడి చీటీ పీకడానికి గోరంతా అరిగింది. జోసెఫిన్ గారు ఒకటి నోట్లో వేసుకుని, "ఎంతైనా అక్కడి సరుకు అక్కడిదే," అంది.

"అబద్ధానికి కూడా అరకిలో ఖర్చు," అంది పద్మావతి వంటింట్లోంచి. నవ్వుతూ అనలేదు.

గోపి ఇంట్లో ఉన్నాడంటే ఉన్నాడు. వీర్రాజుతో పాటు పొద్దున్నే దరియాలతిప్ప చెరువులకి వెళ్ళి మోటార్లు మోసేవాడు. తేజస్విని ఒక్కతే ఇంట్లో ఉంటే గడప తొక్కేవాడు కాదు, వీధి చివర కాలవ గట్టు మీద కూర్చునేవాడు. ఓసారి వాన. తేజస్విని కిటికీలోంచి చూసి, గొడుగు గేటు మీద తగిలించి లోపలికి వెళ్ళింది. గోపి ఆ గొడుగు వేసుకుని మళ్ళీ గట్టు మీదే కూర్చున్నాడు. పని నుంచి వస్తూ వీర్రాజు అది చూసి బండి ఆపేశాడు. వానలో గొడుగేసుకుని కాలవ గట్టు మీద కూర్చున్న మనిషిని చూస్తే ఎవరికైనా నవ్వు రావాలి. వీర్రాజుకి రాలేదు.

ఆదివారం వచ్చింది. "అన్నయ్యా, సంతకం," అన్నాడు గోపి.

"గీత దాటావు కదరా! బావ చెప్పాడు కదా!"

"వాళ్ళు ముందు చెప్పి వెళ్ళమన్నారు."

"అది ఆంధ్రాలో ఊరు మారితే. ఇది యానాం. పడుకో."

గోపి పడుకోలేదు. ఆ ఆదివారమూ, ఆ పై ఆదివారమూ చొక్కా తొడుక్కుని కూర్చుని, పొద్దు వాలాక విప్పుకున్నాడు.

*

ఆ తర్వాత ఒక ఉదయం, జోసెఫిన్ గారు చర్చి నుంచి వచ్చే వేళకి, గేటు ముందు రెండు బండ్లు ఆగాయి. ఒకదాని మీద అవతలి స్టేషను హెడ్డు. రెండోదాని మీద ఎర్రటోపీ పెట్టుకున్న యానాం కానిస్టేబుల్ జోయల్. వీధిలో నీళ్ళు పట్టుకునే వాళ్ళందరూ బిందెలు దించారు.

"గోపీ అనేవాడు ఇక్కడేనా?" అన్నాడు హెడ్డు వీధంతా వినపడేలా. "ఆడమనిషి మీద చెయ్యేసిన కేసు. షీటున్నోడు. చెప్పకుండా పారిపోయి వచ్చాడు."

వీర్రాజు లుంగీ దించుకుంటూ పరిగెత్తుకొచ్చాడు. "పారిపోలేదండి, నేనే తెచ్చానండి. రాష్ట్రం వేరు కదండీ, ఇక్కడ చెల్లదనుకున్నామండి."

జోయల్ టోపీ తీసి చంకలో పెట్టుకున్నాడు. "పెట్రోలనుకున్నారా అండి వీర్రాజు గారూ, గీత దాటితే రేటు మారిపోడానికి? అక్కడివాళ్ళు మాకు రాస్తారు, మేం వాళ్ళకి రాస్తాం. ముందే చెప్పి ఉంటే ఆయన ఆదివారం సంతకం మా స్టేషన్లోనే పెట్టుకునేవాడు. ఇంత గొడవుండేదా?"

"ఇప్పుడేం చెయ్యమంటారండి?"

"ఈయనకి ఇక్కడ ఉండటానికో చోటు చూపించండి. ఆ చోటు ఎవరిదో వాళ్ళు అన్నీ తెలిసి, సరేనని మా ముందు చెప్పాలి. వచ్చే ఆదివారం దాకా చూస్తాం. లేదంటే అవతలికి పంపించెయ్యాల్సిందే."

బండ్లు వెళ్ళిపోయాయి. బిందెలు కూడా వెళ్ళిపోయాయి. జోసెఫిన్ గారు ఒక్కతే గేటు పట్టుకుని నిలబడింది, చేతిలో జపమాలతో.

"మస్కట్ ఖర్జూరాలని చర్చిలో పదిమందికి పెట్టాను, వీర్రాజూ."

"తప్పయిపోయిందండి అమ్మగారూ. చెప్తే వద్దంటారని..."

"అంటానేమో. ఉండనిచ్చేదాన్నేమో కూడా, నాకు తెలీదు. కానీ వద్దనడానికి నాకు హక్కుంది కదా? నా ఇంట్లో, మేడ మీద ఆ పిల్లకీ ఉంది కదా? నువ్వది మా చేతిలోంచి లాగేసుకున్నావు. వద్దంటారని భయపడి అడక్కుండానే చేసేశావు." ఆవిడ గేటు వదిలేసింది. "నువ్వూ, నీ కుటుంబమూ ఉండండి. ఆ అబ్బాయి వద్దు."

గోపి గోడ పక్కనే ఉన్నాడు. అంతా విన్నాడు. ఆవిడ లోపలికి వెళ్ళాక నెమ్మదిగా అన్నాడు. "కోర్టులో ఆవిడా సరిగ్గా ఇదే అంది అన్నయ్యా. అప్పుడు నాకు ప్లీడరు మాటలే వినపడ్డాయి. ఇవాళ వినపడింది."

అని లోపలికెళ్ళి సంచీ సర్దుకోవడం మొదలుపెట్టాడు.

"ఎక్కడికిరా?"

"అవతలికే. నీ మీదకి తేవడం దేనికి?"

"ఆవిడ మళ్ళీ బురదలో నడవాలా?"

గోపి చేతిలో చొక్కా అలాగే ఉండిపోయింది.

ఆ సాయంత్రం పద్మావతి బియ్యం ఏరుతూ కూర్చుంది. ముందే చెప్పాను కదా అని ఒక్క మాట అనలేదు. అని ఉంటే వీర్రాజుకి హాయిగా ఉండేది. తేజస్వినే మాట కదిపింది.

"నాన్నా, బాబాయ్ ఇంట్లో ఉంటే నాకు భయమే. అబద్ధం చెప్పను. స్నానానికెళ్తే గడియ రెండుసార్లు చూసుకుంటున్నా. నాకు సిగ్గేసినా చూసుకుంటున్నా." చేటలోంచి ఓ రాయి ఏరి పారేసింది. "కానీ ఆ వానలో కూర్చున్నారు చూడు, అలా ఎక్కడా లేకుండా ఉంటే కూడా నాకు నిద్ర పట్టట్లేదు."

"అద్దెకెవరిస్తారమ్మా?"

"అద్దెకెవరూ ఇవ్వరు," అంది పద్మావతి, చేట దులుపుతూ. "సొంతమైతేనే. దరియాలతిప్పలో చెరువుల చివర మీ బావగారిదో నేల చెక్క ఉంది కదా, పాత కాపలా పాక ఉన్నది. మూడు సెంట్లుంటుందేమో. అడగండి."

"ఏమిచ్చి అడగనే? బావ ఊరికే ఇచ్చే మనిషేనా?"

పద్మావతి చేటలో బియ్యం చూస్తూ అంది. "లంకలో మీ వాటా ఉంది."

వీర్రాజు ఉలిక్కిపడ్డాడు. ఎప్పటికైనా అక్కడ ఇల్లు కట్టుకుందామని, ఉత్తరం గుమ్మమా తూర్పు గుమ్మమా అని ఏళ్ళ తరబడి పోట్లాడుకున్నది ఆ నేల మీదే. పోట్లాటలో ప్రతిసారీ తూర్పేనని నెగ్గింది ఆవిడే.

"నీకిష్టమేనా పద్మా?"

"ఇష్టమని ఎవరన్నారు? కష్టంగానే చెప్తున్నా. మళ్ళీ అడిగారంటే వద్దనేస్తాను. వెళ్ళండి."

*

ఈసారి మాత్రం వీర్రాజు ముందు అడగాల్సిన వాళ్ళని అడిగాడు. పొద్దున్నే తమ్ముణ్ణి తీసుకుని దరియాలతిప్ప వెళ్ళాడు. ఆ పాకకి దగ్గరిల్లు బుల్లెమ్మది. పల్లెకారుల ఇల్లు, కొడుకులు వేటకెళ్తారు, ఆవిడా కోడళ్ళూ చేపలు ఎండేసి అమ్ముకుంటారు. ఇసక మీద పరిచిన మెత్తళ్ళని కాకులు ముట్టకుండా కర్ర పట్టుకు కూర్చుని ఉంది.

"బుల్లెమ్మగారూ, వీడు మా తమ్ముడండి. ఈ పాకలో పెడదామనుకుంటున్నాం. కుర్రతనంలో ఏదో పొరపాటు..."

"నువ్వాగు. గడ్డంలో తెల్ల వెంట్రుకలున్నోడికి కుర్రతనమేంటి? ఆణ్ణి చెప్పనీ."

గోపి ఇసకలో నిలబడి చెప్పాడు. "షెడ్డులో నా కింద పనిచేసే ఆవిడ మీద చెయ్యేశానండి. వద్దంటున్నా వినలేదండి. జైలుకెళ్ళొచ్చాను. ప్రతి ఆదివారం స్టేషన్లో సంతకం పెట్టాలి. మీరుండమంటే ఉంటాను. వద్దంటే ఇప్పుడే వెళ్ళిపోతానండి."

బుల్లెమ్మ కర్రతో కాకిని తోలింది. తర్వాత అతన్ని కింద నుంచి పైదాకా చూసింది. "కాసేపు అలా పడవ దగ్గర కూచోండి. మా ఆడోళ్ళని అడగాలి."

అన్నదమ్ములిద్దరూ బోర్లించిన పడవ నీడలో కూర్చున్నారు. అవతల ఆడవాళ్ళు గుమిగూడారు. ఒకావిడ చేతులు తిప్పుతూ గట్టిగా అరిచింది, ఇంకొకావిడ ఏడ్చినట్టే ఉంది, ఎందుకో ఏమో. వీర్రాజు తమ్ముడి చెయ్యి పట్టుకున్నాడు. చిన్నప్పుడు పుష్కరాల రేవులో పట్టుకున్నట్టు, మణికట్టు దగ్గర.

బుల్లెమ్మే నడిచొచ్చింది.

"ఇద్దరు వద్దన్నారు, మిగతావోళ్ళు చూద్దామన్నారు. ఇనుకో. చీకటితో మేం రేవుకెళ్తాం, ఆ ఏళ నీ తలుపు తెరవకూడదు. రాత్రి నీ పాక ముందు లైటు ఎలగాలి, నువ్వున్న చోటు మాకు అగపడాలి. నిప్పుకని నీళ్ళకని మా గుమ్మాల్లోకి రాకు. ఆ ఇద్దరూ నీతో మాటాడరు, నువ్వూ మాటాడించకు. ఇందులో ఏది తప్పినా ఎర్రటోపీల దాకా ఎల్లం, మేమే చూసుకుంటాం."

"అలాగేనండి."

"కూర మిగిల్తే ఆ దడి మీద గిన్నె పెడతాం. గిన్నె తోమి పెట్టు. మొగోళ్ళు సరిగ్గా తోమరు."

గోపి తలూపాడు. తలూపుతూనే ఉండిపోయాడు. వీర్రాజు భుజం తట్టాక ఆపాడు.

మధ్యాహ్నానికి వీర్రాజు వంతెన దాటి కృష్ణమూర్తి అరుగు మీద ఉన్నాడు.

"నేనేదో మాటవరసకన్నాన్రా," అన్నాడు కృష్ణమూర్తి, షీటు సంగతి ఎత్తగానే. "నువ్వు ఆరో తరగతిలో మానేశావు, పోనీ ఓ ప్లీడర్నైనా అడగాలి కదా!"

"నిన్నడిగాను కదా బావా, అదే ప్లీడరుగిరీ అనుకున్నాను. సర్లే. దరియాలతిప్ప చెక్క నాకివ్వు."

"అది బంగారం లాంటి చోటురా. రేపో మాపో రోడ్డు పడుతుంది."

"పోటెక్కువైతే పాకలోకి పీతలొస్తాయి, అదా బంగారం?"

"పీతలు మాత్రం చవకా?" కృష్ణమూర్తి నవ్వి, మీసం దువ్వుకున్నాడు. "లంకలో నీ వాటా నాకు రాసెయ్. ఇది నీకు రాసేస్తా. అయినవాళ్ళం, మనలో మనకి బేరాలేంటి?"

లోపల అక్క గిన్నె ఎత్తిపడేసిన చప్పుడైంది. తర్వాత మజ్జిగ గ్లాసు తెచ్చి తమ్ముడి చేతికిస్తూ, మొగుడికి వినపడాలనే అంది. "ఒరేయ్, గోపీకి నిమ్మకాయ పచ్చడి ఇస్తాను, పట్టుకెళ్ళు. దానికైనా ఈయన పొలం రాయమనరు."

వీర్రాజుకి ఆ కోపంలో కూడా నవ్వొచ్చింది. మజ్జిగ తాగేసి, "రాసుకో బావా," అన్నాడు.

అక్కడొక రిజిస్ట్రేషనూ ఇక్కడొక రిజిస్ట్రేషనూ కావాలి, రాష్ట్రాలు వేరు కదా. అవి అయ్యేలోపు ఒప్పందం కాగితం చూపించి, బుల్లెమ్మ చేత చెప్పించి, వీర్రాజు జోయల్ దగ్గర పని కానిచ్చాడు. అవతలి స్టేషన్‌కి అన్నదమ్ములిద్దరూ కలిసి వెళ్ళి చెప్పి వచ్చారు, ఆదివారం కాని రోజు చూసుకుని. పాకకి వెళ్ళే ముందు గోపి జోసెఫిన్ గారి గుమ్మం దాకా వచ్చి, మెట్టు ఎక్కకుండా, "క్షమించమని అడగట్లేదండి, వెళ్ళొస్తానని చెప్పడానికొచ్చాను," అన్నాడు. ఆవిడ తలుపు తీయలేదు. కిటికీ దగ్గర నిలబడి, "వేళకి తిను," అంది.

ఆ ఆదివారం గోపి యానాం స్టేషన్లో సంతకం పెట్టాడు. ఏటవతల ఆ పూట ఆవిడ ఏ దారిన చర్చికి వెళ్ళిందో వీళ్ళకి తెలియదు. తెలుసుకోకూడదు కూడా, అంది పద్మావతి. వంకాయ కూర, అక్క ఇచ్చిన నిమ్మకాయ పచ్చడి క్యారేజీలో సర్ది తనే బండెక్కి వచ్చింది. పాక చుట్టూ తిరిగి చూసి, "తూర్పు గుమ్మమే," అంది, ఎవరితోనూ కాకుండా.

గోపి పళ్ళెం ముందు కూర్చుని అన్నం కలపడం మానేశాడు. "అన్నయ్యా, నీ పొలం..."

"పొలానికేంరా, తిను. చల్లారిపోతుంది."

వీర్రాజు బయటికొచ్చి, పాక ముందు లైటు వేసి చూశాడు. వెలిగింది. పగటి వెలుగులో సరిగ్గా కనపడక, చేత్తో నీడ పట్టి మరీ చూసుకున్నాడు. బుల్లెమ్మ దడి అవతల నుంచి, "పట్టపగలు కరెంటు దండగ," అని కేక వేసింది. ఆర్పేశాడు.

తమ్ముడికి యానాంలో దొరికింది మూడు సెంట్ల ఉప్పునేల. ఏటవతల లంకలో వీర్రాజుకి పోయింది ముప్పై నాలుగు సెంట్లు, కాపు మీదున్న కొబ్బరిచెట్లతో సహా.